పన్నెండో మేక

చోడవరం
10-11-2024

అన్నయ్యకి,

నీ చెల్లెలు వరమ్మ వందనాలు. నిన్ను ఫోన్లో మాట్లాడొద్దని డాక్టర్లు చెప్పారట, ఝాన్సీ చెప్పింది. నీ కూతురు మాట్లాడే వేగానికి నాకు సగం వినపడదు, సగం అర్థం కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఎనిమిదో తరగతి మానేశాక ఇంత పొడుగు ఏదీ రాయలేదు. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపకు. నీకా అలవాటుంది.

నీ గొంతు ఆపరేషనై నెల కావొస్తోంది. వచ్చి చూస్తానంటే, మేకల్ని ఎవరు చూస్తారు, రావొద్దన్నావట. సరే, ఆ మేకల గురించే చెబుతాను. పదిహేను రోజులుగా అవి పాక గుంజలకి ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. మెడ దగ్గర, వెన్ను మీద జుట్టు ఊడిపోతోంది. నల్లమేక జుట్టు విడదీసి చూద్దును కదా, పేలు! వెంట్రుకలకి అంటుకుని తెల్లగా ఈపులు, పేలగుడ్లు. పెద్దవీ పిల్లలూ కలిపి పన్నెండున్నాయి నా దగ్గర. కె.కోటపాడు నుంచి దసరా ముందు తెచ్చిన చుక్కమేకే ఈ పీడని మోసుకొచ్చిందని నా అనుమానం. పక్కింటి అచ్చియ్యమ్మ, "కిర్సనాయిలు పుయ్యే, పోతాయి" అంది. రెండింటికి పూసేను. పేలు పోలేదు, తోలు మాత్రం ఎర్రగా కమిలింది. చిన్నపిల్ల ఒకటి పాలు మానేసి మూల పడుకుంటోంది. నా తలకి కూడా ఎక్కుతాయేమోనని పొద్దస్తమానం దువ్వెన పట్టుకుని కూర్చుంటున్నాను.

ఎర్రపోతు ఒక్కడూ బాగున్నాడు. వాణ్ణి విడిగా అరుగు మీద కడుతున్నాను.

కోతపండుగ ఫిబ్రవరి మొదటి ఆదివారం పెట్టారు పాస్టరుగారు. వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, మేకలు అన్నీ గుడికి తెచ్చినా పాట ఎత్తుకునే మనిషి లేకపోతే అది సంత అవుతుంది కానీ పండుగ కాదు. నువ్వు లేని ఆదివారాలు డీకనుగారబ్బాయి ఎత్తుకుంటున్నాడు. నూతిలోంచి పిలిచినట్టుంటుంది. నాన్న గొంతు నీకే వచ్చింది. తొందరగా బాగుచేసుకుని రా.

నీ చెల్లెలు,
వరమ్మ

*

గోపాలపట్నం
16-11-2024

ఒసే వరమ్మా,

ఉత్తరం అందింది. తప్పులు పదిహేడు. దిద్దలేదు, లెక్కపెట్టానంతే.

కిరసనాయిలు పూసిన చేతిని ఏమనాలో నాకు తెలియడం లేదు. చీడికాడ పశువుల ఆసుపత్రిలో ముప్పై రెండేళ్ళు కాంపౌండరుగా చేసినవాడి చెల్లెలివి. అచ్చియ్యమ్మ చెప్పిందట, ఈవిడ పూసిందట. ముందు ఆ రెండింటికీ సబ్బునీళ్ళతో కడిగి కొబ్బరినూనె రాయి.

ఇక జాగ్రత్తగా చదువు. మేక పేను మేక ఒంటి మీదే పుడుతుంది, అక్కడే బతుకుతుంది, అక్కడే చస్తుంది. కింద పడితే నాలుగు రోజులు కూడా ఉండడం కష్టం. నీ తల దానికి పనికిరాదు, ఆ దువ్వెన లోపల పెట్టు. చోడవరం పశువుల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి పేల మందు రాయించుకో. సీసా మీద ఎంత కలపమని ఉంటే అంతే కలుపు, సిరంజితో కొలువు, మూతతో కాదు. మేకలకి ముందుగా కడుపునిండా నీళ్ళు తాగించు, లేకపోతే ఒళ్ళు నాకుతాయి. ఎండ బాగా ఎక్కాక మొదలుపెట్టు. చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకో. పొడుగు జుట్టున్నవాటికి ముందు జుట్టు కత్తిరించు, లేకపోతే మందు తోలు దాకా దిగదు. పసిపిల్లల్ని తడపొద్దు, మందునీళ్ళలో గుడ్డ పిండి తుడువు. ఈనడానికి దగ్గరపడ్డది ఏదైనా ఉంటే డాక్టరుగారిని అడగకుండా ముట్టుకోకు.

మందు పేలని చంపుతుంది, ఈపుల్ని చంపదు. అవి పది రోజుల్లో పగిలి పిల్లపేలు పైకి లేస్తాయి. అందుకని పధ్నాలుగో రోజున మళ్ళీ పొయ్యాలి. చుక్కమేకకొక రోజు, నల్లమేకకొక రోజు అని వాయిదాలు వెయ్యకు. పన్నెండింటికీ ఒకే రోజున పొయ్యాలి. ఒక్కటి మిగిలినా మొత్తం మిగిలినట్టే. కింద రెప్ప తిప్పి చూడు, గులాబీ రంగుంటే పరవాలేదు, తెల్లగా పాలిపోతే రక్తం తాగేశాయన్నమాట. ఆ మూల పడుకున్న పిల్లని డాక్టరుగారికి చూపించు.

నా సంగతంటావా, గొంతుకి విశ్రాంతి కావాలన్నారు. అంతే. ఝాన్సీ ఒక పలక కొనిచ్చింది. కాఫీ కావాలన్నా దాని మీద రాసి చూపించాలి. అరవై ఏడేళ్ళకి మళ్ళీ ఒకటో తరగతిలో చేరాను.

ఏసుదానం

*

చోడవరం
6-12-2024

అన్నయ్యా,

నీ ఉత్తరం గోడకి అంటించి, దాన్ని చూస్తూనే చేసేను అన్నీ. నవంబరు ఇరవై ఒకటిన ఒకసారి, నిన్న డిసెంబరు అయిదున రెండోసారి. లెక్క సరిపోయిందా? కుట్టుమిషను కత్తెరతో జుట్టు కత్తిరించేను. అది ఇక జాకెట్టు గుడ్డకి పనికిరాదు. పదకొండింటికీ పోసేసరికి నడుం విరిగింది. మందు వాసన రెండు రోజులు అన్నంలో కూడా ఉంది. కానీ రుద్దుకోవడం ఆగింది. మూల పడుకున్న పిల్ల లేచి అరుగు ఎక్కి దూకుతోంది. ఎర్రపోతు చెవి కొరికి వాడి చేత ఒకటి తిన్నది కూడా.

పాస్టరుగారి భార్య విశాఖపట్నం వస్తుంటే ఆవిడ చేతికి తేగలు ఇచ్చి పంపుతున్నాను. కుంపటి మీద కాల్చుకుని తిను. నీకు తేగలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి కదా.

విశ్రాంతి రెండు నెలలు కావొస్తోంది. గొంతు ఎంతవరకు వచ్చింది? ఝాన్సీని అడిగితే "బాగానే ఉన్నారత్తా" అని పెట్టేస్తోంది. ఇంత పొదుపుగా మాట్లాడే పిల్ల కాదే అది.

వందనాలతో,
వరమ్మ

*

గోపాలపట్నం
13-12-2024

చెల్లీ,

తేగలు అందాయి. చాలా బాగున్నాయి. రెండు విడతలూ రోజు తప్పకుండా పోశావు, నువ్వు నా దగ్గర పనిచేసి ఉంటే నేను త్వరగా రిటైరయ్యేవాణ్ణి. పాకలో పాత గడ్డి తీసి తగలబెట్టి, నేలకి సున్నం చల్లు. కొత్త మేకని తెస్తే మూడు వారాలు విడిగా కట్టు.

రోజూ ఆసుపత్రికి వెళ్ళి కరెంటు పెట్టించుకుని వస్తున్నాను. అలసటగా ఉంటుంది. గొంతు సంగతి తొందరపడకు.

ఏసుదానం

*

చోడవరం
22-12-2024

అన్నయ్యకి,

పిల్ల చచ్చిపోయింది. అరుగెక్కి దూకిందని రాసేను చూడు, అదే. నాలుగు రోజులు పాలు తాగలేదు. రెప్ప తిప్పి చూస్తే కాగితంలా తెల్లగా ఉంది. దాని మెడ కింద చూసేను. మళ్ళీ పేలే. నల్లమేకకీ ఉన్నాయి, చుక్కమేకకీ ఉన్నాయి, అన్నిటికీ ఉన్నాయి.

నువ్వు చెప్పినవన్నీ చేసేను కదా. నడుం విరిగేలా చేసేను. మందు మంచిది కాదా? నీ ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో ఇలాగే జరిగేదా? ఇంకో పిల్ల కూడా నీరసంగా ఉంది. నాకు ఆధారం ఈ మేకలే కదా అన్నయ్యా. ఇంత ఖర్మ ఏమిటో.

క్రిస్మస్‌కి నువ్వుంటావనుకున్నాను.

వరమ్మ

*

గోపాలపట్నం
27-12-2024

వరమ్మా,

పిల్ల పోయినందుకు నాకు చాలా బాధగా ఉంది. కానీ మందుని తిట్టకు. నీ ఉత్తరం చదివాక ఒకటే ఆలోచిస్తున్నాను. పేను గాలిలో ఎగరదు, నడిచి ఊళ్ళు దాటదు. నీ మేకల మీదికి వచ్చిందంటే ఏదో ఒక ఒంటి మీద నుంచే రావాలి. ఆ ఒళ్ళు ఏది?

వీటికి జవాబు రాయి. మందు సీసా గడువు తారీఖు ఎంత? సిరంజితోనే కొలిచావా? రెండోసారి పోశాక వాన పడిందా? అన్నిటికంటే ముఖ్యంగా, మేతకి వెళ్ళినప్పుడు నీ మేకలు అచ్చియ్యమ్మ మేకలతో కలుస్తాయా? చెరుకు కొట్టేసిన చేలల్లో అందరి మేకలూ ఒళ్ళు ఒళ్ళు రాసుకుంటూ తిరుగుతాయి, నాకు తెలుసు. ఆవిడ తన మేకలకి మందు పోసిందో లేదో అడుగు. కిరసనాయిలు పూసే మనిషి మందు పోస్తుందని నాకు నమ్మకం లేదు.

ఏసుదానం

*

చోడవరం
4-1-2025

అన్నయ్యా,

కొత్త సంవత్సరం మొదటి ఉత్తరం ఇలా రాయాల్సి వస్తుందనుకోలేదు. నీ మాట పట్టుకుని అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్ళి, నీ మేకల వల్లే నా పిల్ల చచ్చిందన్నాను. వాకిట్లో నలుగురున్నారు. ఆవిడ చేతిలో చేట కింద పెట్టి నా చెయ్యి పట్టుకుని తన పాకలోకి లాక్కెళ్ళింది. ఒక్కో మేకనీ పట్టుకుని జుట్టు విడదీసి చూపించింది. ఒక్క పేను లేదు. నన్ను చూసి, నేను మందు తెచ్చిన రోజే తనూ తెప్పించుకుందట. రెండుసార్లూ పోసిందట.

ఆ మీదట, "ఒలమ్మా, నా మేకల్ని సూసేవు కదా, ఇంటికెల్లి నీ అరుగు మీద కట్టిన జులపాలోణ్ణి సూసుకో. ఆడి బొచ్చు మూర పొడుగుంది. ఏటి దాస్తన్నావో నాకేటి తెలుసు" అంది. నలుగురూ నవ్వేరు.

ఇరవై ఏళ్ళుగా ఆవిడా నేనూ ఒకే గట్టు మీద మేకల్ని తోలుకెళ్ళేం. నాకు జ్వరమొస్తే నా మేకలక్కూడా ఆవిడే మేత వేసేది. ఇప్పుడు నేను వీధిలోకి వస్తే ఆవిడ లోపలికి పోతోంది. నీకు తృప్తేనా? సీసా గడువు ఇంకా ఏడాదుంది. సిరంజితోనే కొలిచేను. వాన పడలేదు.

వరమ్మ

*

గోపాలపట్నం
9-1-2025

చెల్లీ,

అచ్చియ్యమ్మ విషయంలో తప్పు నాది. చూడకుండా ఒక మనిషిని అనుమానించాను. నా తరఫున క్షమించమని ఆవిడతో చెప్పు.

ఇప్పుడు నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. నవంబరు పదిన, "పెద్దవీ పిల్లలూ కలిపి పన్నెండు" అని రాశావు. డిసెంబరు ఆరున, "పదకొండింటికీ పోసేసరికి నడుం విరిగింది" అని రాశావు. అప్పటికి ఏ మేకా చావలేదు, ఏదీ అమ్మలేదు. రిజిస్టర్లు రాసి బతికినవాణ్ణి, ఇది అప్పుడే కనపడాలి. కరెంటు దెబ్బకి మగతగా ఉండి చూసుకోలేదు.

పన్నెండోది ఏది? దానికెందుకు పొయ్యలేదు?

ఏసుదానం

*

చోడవరం
17-1-2025

అన్నయ్యకి,

పన్నెండోది ఎర్రపోతు. నీకు చెప్పకూడదనుకున్నాను. ఎవరి కోసం మొక్కుకున్నామో వాళ్ళకి చెబితే బాగుండదని.

అక్టోబరు పదిహేడున ఝాన్సీ ఫోన్ చేసి, "నాన్నని లోపలికి తీసుకెళ్ళేరత్తా" అని ఏడ్చింది. నేను పాకలో ఉన్నాను. ఎర్రపోతు నా ముందే నిలబడి ఉన్నాడు. చుక్కమేక రాకముందు పుట్టినవాడు, నల్లమేకకి తొలిచూలు. అప్పుడే వాడి తల మీద చెయ్యిపెట్టి అన్నాను. ప్రభువా, మా అన్నయ్య గొంతు ఆయనకి తిరిగివ్వు, ఈ పోతుని నీ కోతపండుగకి తెస్తాను అని. నీకు గుర్తుందా, నాన్న గుడికిచ్చే తొలిచూలు పోతుకి కత్తెర తగలనిచ్చేవాడు కాదు. దేవుడికిచ్చినదాని మీద మన కత్తెర ఏమిటి అనేవాడు. నువ్వేమో జుట్టు కత్తిరించి మందు పొయ్యమన్నావు. ఎలా కత్తిరిస్తాను? వాడి మీద కత్తెర పెడితే నీ గొంతు మీద పెట్టినట్టే అనిపించింది.

వాడి జుట్టు విడదీసి చూసేను మొన్న. అచ్చియ్యమ్మ చెప్పింది నిజమే. లోపలంతా పేలే. పగలు అరుగు మీద కట్టినా, రాత్రి పాకలో చలికి పిల్లలు వెళ్ళి వాడి పొట్ట కింద పడుకునేవి. నా చేత్తో నేనే వాటిని చంపుకున్నాను. రెండో పిల్ల నిన్న పోయింది. ఇప్పుడు పది మిగిలేయి.

అయినా కత్తిరించను. కోతపండుగకి ఇంకా పదహారు రోజులే ఉంది. నీ గొంతు వచ్చేదాకా ఓపిక పడతాను. మేకలు పోతే పోనీ. నువ్వొక్క మాట రాయి, గొంతు కొంచెమైనా పలుకుతోందా? ఒక్క రాగమైనా?

నీ చెల్లెలు,
వరమ్మ

*

గోపాలపట్నం
22-1-2025

వరమ్మా, నా తల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. అయిదోసారి నేరుగా రాస్తున్నాను.

నా గొంతు రాదు. విశ్రాంతి కాదు, ఆలస్యం కాదు, ఇక రానే రాదు. అక్టోబరు పదిహేడున నా స్వరపేటిక మొత్తం తీసేశారు. కేన్సరు దాన్ని పట్టేసింది, ఉంచితే నన్ను తీసుకుపోయేది. ఆ కరెంటు కూడా దానికే పెట్టారు. మెడ ముందు రూపాయి బిళ్ళంత కన్నం ఉంది, దానిలోంచే ఊపిరి పీలుస్తున్నాను. నువ్వు పోతు తల మీద చెయ్యిపెట్టిన వేళకే నేను సంతకం పెట్టేశాను. నువ్వు అడిగినదాన్ని ఇవ్వడానికి అప్పటికే ఏమీ మిగలలేదు.

నీకు చెప్పొద్దని ఝాన్సీ చేత ఒట్టు వేయించుకున్నాను. నీకు భయమేస్తుందని కాదు. నాన్న గొంతు నాలో ఉందని ఎప్పుడూ అనేదానివి నువ్వొక్కదానివే. నీకు చెప్పేస్తే అది నిజంగా పోయినట్టవుతుందని దాచాను. నేను దాచినందుకు నీ పిల్లలు రెండు పోయాయి, నీ స్నేహితురాలు దూరమైంది. పేను ఏ ఒంటి మీద నుంచి వచ్చిందని అడిగాను కదా. నా దగ్గర నుంచే వచ్చింది.

తేగలు కూడా నేను తినలేదు. అప్పుడు జావ తప్ప ఏదీ మింగలేకపోయేవాణ్ణి. ఝాన్సీ కాల్చుతుంటే వాసన చూశాను. అది మాత్రం నిజంగా బాగుంది.

నాన్న సంగతి ఒకటి నీకు తెలియదు, నువ్వప్పటికి పసిదానివి. తొలిచూలు పోతుకి ఆయన కత్తెర పెట్టేవాడు కాదు, నిజమే. కానీ వారానికోసారి దాన్ని ఎండలో నిలబెట్టి, జుట్టు పాయలు పాయలుగా తీసి ఒక్కో పేనూ చేత్తో ఏరేవాడు. కొమ్ములు పట్టుకునే పని నాది. పేలున్న మేకని గుడి మెట్టు ఎక్కించడానికి ఆయనకి సిగ్గు. ఆయన వదిలెయ్యలేదే, రెండింతలు చేసేవాడు.

కత్తిరిస్తావో, ఏరుకుంటావో నీ ఇష్టం. మొక్కు నీది. కానీ నా గొంతు కోసం ఇక ఆగకు.

అన్నయ్య

*

చోడవరం
4-2-2025

అన్నయ్యా,

మూడు రోజులు ఏడ్చేను. నాలుగో రోజు నీ మీద కోపమొచ్చింది. తేగలు చాలా బాగున్నాయని ఎలా రాసేవు? ఆ ఒక్క మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఆపరేషన్ చేయించుకోవడానికి నీకు ధైర్యముంది, సొంత చెల్లెలికి చెప్పడానికి లేదు. నీ ఉత్తరంలో తప్పులు రెండున్నాయి. దిద్దలేదు.

అయిదో రోజు అచ్చియ్యమ్మ గుమ్మం ముందు నిలబడ్డాను. నీ ఉత్తరం చేతికిచ్చేను. ఆవిడకి చదువు రాదు, నేనే చదివి వినిపించేను. సగంలో ఆవిడే ఏడవడం మొదలెట్టింది. "ఎంత పాడేవోడే మీ అన్నయ్య! పండక్కి మా ఇంటి అరుగు మీద కూకుని ఇనేదాన్ని" అంది. కాస్సేపటికి కళ్ళు తుడుచుకుని, "నడు, ఆ జులపాలోడి పని పడదాం. కొమ్ములు నాను పట్టుకుంటాను" అంది.

జనవరి ఇరవై ఎనిమిది, మంగళవారం, ఎండెక్కాక కత్తెర తీసేను. పెట్టలేక పది నిమిషాలు నిలబడ్డాను. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. నువ్వు సంతకం పెట్టి కోయించుకున్నావు, బతకడానికి. నాకు ఈ బొచ్చు ఒక లెక్కా? మెడ నుంచి తోక దాకా కత్తిరించేసేను. వాడు పిల్లాడిలా సన్నగా బయటపడ్డాడు, అచ్చియ్యమ్మా నేనూ ఏడుస్తూనే నవ్వేం. తర్వాత పదింటికీ పోసేను. పదీ పదే. రిజిస్టర్లో రాసుకో.

మొక్కు మానలేదు. కారణమే మార్చుకున్నాను. గొంతిమ్మని అడిగేను, మనిషినిచ్చేడు. దానికి పోతు చిన్నదే. కానీ మొన్న ఆదివారం కోతపండుగకి వాణ్ణి తీసుకెళ్ళలేదు. రెండో విడత కాకుండా ఇవ్వను, మందు పోసినదాన్ని ఎన్నాళ్ళ దాకా కొయ్యకూడదో డాక్టరుగారిని అడిగి పాస్టరుగారికి చెబుతాను అన్నాను. ఆయన సరే అన్నారు.

పండుగలో డీకనుగారబ్బాయి పాట మళ్ళీ నూతిలోనే మొదలెట్టేడు. సగం మందికి అందలేదు. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు. నాన్న ఎత్తుకునే శ్రుతిలో ఎత్తుకున్నాను. రెండో చరణంలో గొంతు జీరపోయింది, అయినా ఆపలేదు. అందరూ అందుకున్నారు. అచ్చియ్యమ్మ గుడి బయట ప్రహరీ దగ్గర నిలబడి వింది.

గుడిలో నువ్వు కూర్చునే పెద్ద కుర్చీ ఖాళీగా ఉంది. దాని చేతి మీద వేలితో తాళం వేసే మనిషి లేక పాట పరుగెత్తింది.

రెండో విడత పదకొండో తారీఖు, మంగళవారం. అచ్చియ్యమ్మ ఆ రోజు తన కూతురింటికి వెళ్ళాలట. ఎర్రపోతు మొండివాడు, ఒక్కదాన్ని ఆపలేను. కొమ్ములు పట్టుకునే పని ఎప్పుడూ నీదే కదా, దానికి గొంతు అక్కర్లేదు. ముందు రోజే రా. పలక తెచ్చుకో. జావ కాసి ఉంచుతాను.

వరమ్మ